వాలీబాల్ జట్టుతో రెండు రోజులు

శనివారం ఉదయం ఏడు గంటలు. బంజారా హిల్స్‌లో ఒక బడి ఆటస్థలం. కొండవాలును చదును చేసి తయారుచేసిన చోటది. ఒక పక్క నల్లటి గ్రానైటు బండలు, మరో పక్క కిందికి జారిపోయే రోడ్డు. బంతి గోడ దాటితే పంజగుట్ట దాకా దొర్లుతుందని పిల్లలు వేళాకోళం చేస్తుంటారు. ముగ్గుతో గీసిన గీతల మధ్య వల బిగిస్తున్నారు. ఎనిమిది బడుల నుంచి ఎనిమిది బాలికల వాలీబాల్ జట్లు వచ్చాయి. పోటీ రెండే రోజులు. ఆదివారం సాయంత్రానికి విజేత తేలిపోవాలి.

ఆ జట్లలో ఒకటి మీదే అనుకోండి. మీరు బూట్ల తాళ్లు కట్టుకుంటున్నారు. ఈ రెండు రోజుల్లో మీకు భౌతికశాస్త్రం, గణితం, శరీరధర్మశాస్త్రం మూడూ ఎదురవుతాయి. పరీక్షలో లాగా ప్రశ్నపత్రం చేతికివ్వవు సుమా! బంతి రూపంలో మీదికి వస్తాయి. ఎలాగో ఒక్కొక్కటే చూద్దాం.

ఎన్ని ఆటలు ఆడాలి?

మొదటి ప్రశ్న నిర్వాహకులకు. ఎనిమిది జట్లలో ప్రతి జట్టూ మిగిలిన ఏడింటితోనూ ఆడాలంటే ఎన్ని ఆటలు జరగాలి? ఒక్కో జట్టుకు 7 ఆటలు. ఎనిమిది జట్లకు 56. కాని ప్రతి ఆటనూ రెండు జట్ల లెక్కలోనూ వేసుకున్నాం కనుక సగం చేస్తే 28. ఒక్కో ఆటకు ముప్పావు గంట చొప్పున 21 గంటలు పడుతుంది. ఒకే ఒక్క కోర్టులో రెండు పగళ్లలో ఇది అయ్యే పని కాదు.

పోనీ ఓడిన జట్టును ఇంటికి పంపేద్దామా? అప్పుడు 7 ఆటలే చాలు. ఎందుకంటే విజేత తేలాలంటే ఏడు జట్లు ఓడాలి. ఒక్కో ఆటలో ఒక్క జట్టే ఓడుతుంది. దీన్ని నాకౌట్ అంటారు. కాని ఎక్కడో దూరం నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చిన నాలుగు జట్లు ఒక్క ఆటతో తిరుగుముఖం పట్టాలి. అది అన్యాయం కదూ?

అందుకని మధ్యేమార్గం తీసుకున్నారు. నాలుగేసి జట్లతో రెండు గ్రూపులు. ఒక్కో గ్రూపులో 6 ఆటల చొప్పున 12. ఆ తరువాత ప్రతి గ్రూపు నుంచీ మొదటి రెండు జట్లతో రెండు సెమీఫైనళ్లు, ఒక ఫైనల్. మొత్తం 15 ఆటలు, సుమారు 11 గంటలు. రెండు రోజుల్లో హాయిగా పూర్తవుతాయి. ఫైనల్ దాకా వెళ్లిన జట్టు మాత్రం ఐదు ఆటలు ఆడాలి. ఈ ఐదు అన్న అంకెను గుర్తుంచుకోండి. తరువాత దానితో పని ఉంది.

తూలుతూ వచ్చే బంతి

ఆట మొదలైంది. సర్వీస్ మీ జట్టుదే. వాలీబాల్ కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. మహిళల ఆటలో వల ఎత్తు 2.24 మీటర్లు. చిన్న వయసు వారి పోటీల్లో కొన్నిచోట్ల ఇంకాస్త దించుతారు. బంతి చుట్టుకొలత 65 నుంచి 67 సెంటీమీటర్లు. బరువు 260 నుంచి 280 గ్రాములు. ఆ పరిమాణానికి ఇది చాలా తేలిక. అందుకే గాలి చెప్పినట్టల్లా వింటుంది.

మీ జట్టులో ఒక అమ్మాయి బంతిని పైకెగరవేసి, ముందుకు దొర్లేలా మణికట్టు తిప్పుతూ కొట్టింది. బంతి వల దాటగానే ఎవరో తలమీద చేయి పెట్టి నొక్కినట్టు కిందికి దిగింది. ఎందుకు?

గిరగిర తిరుగుతూ పోయే బంతి పైభాగం ఎదురుగాలికి ఎదురు తిరుగుతుంది. కిందిభాగం గాలితోబాటే కదులుతుంది. పైన గాలి బంతి ఒంటిని తొందరగా వదిలేస్తుంది, కింద మరికొంత దూరం అంటిపెట్టుకుని ఉంటుంది. ఫలితంగా బంతి వెనుక గాలి పైవైపుకు మళ్లుతుంది. బంతి గాలిని పైకి నెట్టింది కనుక గాలి బంతిని కిందికి నెడుతుంది. న్యూటన్ మూడో నియమం! దీన్ని 1852లో పరిశీలించిన జర్మన్ శాస్త్రవేత్త పేరు మీద మాగ్నస్ ప్రభావం అంటారు.

ఇప్పుడు అవతలి జట్టు సర్వీస్. వాళ్లమ్మాయి బంతిని అరచేత్తో ఠప్పున కొట్టి చేయి ఆపేసింది. బంతి అసలు తిరగలేదు. తిరగని బంతి బుద్ధిగా తిన్నగా రావాలి కదా? కాని అది తాగినవాడిలా తూలుతూ వచ్చి, చివరి క్షణంలో పక్కకు వాలింది. మీ జట్టుకు ఒక పాయింటు పోయింది.

రహస్యం బంతి వెనుక ఉంది. గాలిలో దూసుకుపోయే బంతి వెనుక సుడులతో నిండిన ఒక తోక ఏర్పడుతుంది. తోక ఎంత వెడల్పుగా ఉంటే గాలి నిరోధం అంత ఎక్కువ. బంతి నెమ్మదిగా పోతున్నప్పుడు తోక వెడల్పుగా ఉంటుంది. వేగం ఒక హద్దు దాటితే బంతిని ఆనుకుని ఉన్న పలుచని గాలిపొర కల్లోలమై, బంతికి మరింత సేపు అతుక్కుంటుంది. తోక సన్నబడుతుంది, నిరోధం ఒక్కసారిగా పడిపోతుంది. వాలీబాల్‌కు ఆ హద్దు ఇంచుమించు గంటకు 50 కిలోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. సర్వీసులు చాలావరకు ఆ వేగంతోనే పోతాయి! అంటే బంతి హద్దు మీద నడుస్తోందన్నమాట. ఒక పక్క అతుకు గాలిని కదిలిస్తుంది, మరో పక్క నున్నటి తోలు కదిలించదు. ఒక పక్క గాలి ముందు విడిపోతుంది, మరో పక్క ఆలస్యంగా విడిపోతుంది. బంతి అటూ ఇటూ ఊగుతుంది. తిరిగే బంతికి ఈ తేడాలన్నీ సరాసరి అయిపోతాయి. తిరగని బంతికి కావు.

హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఒకే వేడి ఉన్న రోజున మచిలీపట్నం గాలికంటే ఇక్కడి గాలి సుమారు 6 శాతం పలుచన. నిరోధం ఆ మేరకు తక్కువ. తీరప్రాంతంలో గీత మీద పడిన సర్వీసే ఇక్కడ జానెడు అవతల పడవచ్చు. కొత్త ఊరికి వెళ్లిన జట్టు ఆటకు ముందు పది సర్వీసులు కొట్టి చూసుకోవడం చాదస్తం కాదు, ప్రయోగం.

కన్ను, మెదడు, ముంజేయి

అవతలి అమ్మాయి స్మాష్ కొట్టింది. బంతి గంటకు 54 కిలోమీటర్ల వేగంతో వస్తోంది అనుకుందాం. అంటే సెకనుకు 15 మీటర్లు. మీరు 6 మీటర్ల దూరంలో ఉన్నారు. బంతి మిమ్మల్ని చేరడానికి పట్టేది 0.4 సెకను మాత్రమే. కంట పడిన వార్త మెదడుకు చేరి, మెదడు ఆజ్ఞ కండరానికి చేరడానికే సుమారు 0.2 సెకను పడుతుంది. సగం సమయం అక్కడే అయిపోయింది! మిగిలిన 0.2 సెకనులో ఒక్క అడుగు వేయగలరేమో.

మరి మంచి క్రీడాకారిణులు అంత తేలికగా ఎలా అందుకుంటున్నారు? వాళ్లు బంతి బయలుదేరాక కదలరు. కొట్టే అమ్మాయి పరుగెత్తే దిక్కు, భుజం తిరిగిన తీరు, మోచేయి వెనక్కి వెళ్లిన కోణం చూసి ముందే బయలుదేరతారు. సాధన చేస్తే నరాల వేగం అంతగా పెరగదు; వార్తను ముందుగా చదవడం అలవడుతుంది. వేగంగా కదలడం అని మనం అనుకునేది నిజానికి బాగా చూడడం.

అందుకోవడంలోనూ ఒక సూత్రం ఉంది. రెండు ముంజేతులు కలిపి పట్టుకుంటే అదొక పలక. అద్దం మీద పడిన కాంతి ఏ కోణంలో పడితే ఆ కోణంలోనే పరావర్తనం చెందుతుందని చదువుకున్నారు గదా? బంతి కూడా ఇంచుమించు అంతే. సెట్టర్ వైపు పలకను వంచితే బంతి అటే పోతుంది. చేతులు ఊపనక్కరలేదు. బంతి వేగంగా వచ్చినప్పుడు ఊపితే అది కప్పు దాటి పోతుంది. చేతులు ఒకింత వెనక్కి ఇస్తే దాని వేగం తగ్గి, మెత్తగా పైకి లేస్తుంది.

గాలిలో ఆగిపోయినట్లు

ఇక మీ వంతు. సెట్టర్ బంతిని వల మీదికి లేపింది. మీరు మూడడుగులు పరుగెత్తి దూకారు. చూసేవాళ్లకు మీరు గాలిలో క్షణం సేపు ఆగినట్లు కనబడింది. ఆగారా?

మీరు 30 సెంటీమీటర్లు ఎగిరారు అనుకుందాం. పైకి వెళ్లడానికి పావు సెకను, కిందికి రావడానికి పావు సెకను. మొత్తం అరసెకను. పైకి పోయేకొద్దీ భూమ్యాకర్షణ మీ వేగాన్ని తగ్గిస్తూ పోతుంది. శిఖరం దగ్గర మీరు దాదాపు కదలరు. లెక్క వేస్తే, గాలిలో ఉన్న సమయంలో సరిగ్గా సగం మీరు పైనున్న నాలుగో వంతు ఎత్తులోనే, అంటే చివరి ఏడున్నర సెంటీమీటర్లలోనే గడుపుతారు. అందుకే ఆగినట్లు కనబడతారు. బంతిని కొట్టవలసిన క్షణం కూడా అదే.

155 సెంటీమీటర్ల అమ్మాయి చేయి పైకెత్తితే వేలికొసలు సుమారు 2 మీటర్లు అందుకుంటాయి. 30 సెంటీమీటర్లు ఎగిరితే 2.30. వల కంటే 6 సెంటీమీటర్లు పైకి! పొట్టిగా ఉన్నాం గనుక వాలీబాల్ మనకు కాదని అనుకునేవారు ఈ లెక్క చూడాలి. సాధనతో మరో 5 సెంటీమీటర్లు ఎగరగలిగితే వల మీద మీ చేతికి దొరికే చోటు దాదాపు రెట్టింపవుతుంది.

ఎగరడం సగం పనే. దిగడం రెండో సగం, అందులోనే ప్రమాదం ఉంది. 40 కిలోల అమ్మాయి 30 సెంటీమీటర్ల నుంచి దిగింది. మోకాళ్లు బిగించి 5 సెంటీమీటర్లలో ఆగితే కాళ్ల మీద సగటున పడే బలం ఆమె బరువుకు 7 రెట్లు, అంటే 280 కిలోల బరువు. మోకాళ్లు, తుంటి వంచి 30 సెంటీమీటర్లలో ఆగితే 2 రెట్లే, 80 కిలోలు. అదే అమ్మాయి, అదే ఎత్తు! తేడా ఆగిన తీరులో ఉంది.

ఇది అమ్మాయిలు తప్పక తెలుసుకోవలసిన విషయం. దూకి, మలుపు తిరిగే ఆటల్లో మోకాలి లోపలి సంధిబంధకం తెగే ప్రమాదం అబ్బాయిల కంటే అమ్మాయిలకు కనీసం రెండింతలు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. దిగేటప్పుడు మోకాళ్లు ఒకదానివైపు ఒకటి వాలడం ఒక ముఖ్య కారణం. మోకాలు పాదం వేళ్ల దిశలోనే వంగాలి. ఆటకు ముందు పదిహేను నిమిషాలు ఒంటికాలి మీద నిలబడడం, మెత్తగా దూకి దిగడం, తొడ కండరాలకు పని చెప్పడం చేస్తే ఈ ప్రమాదం బాగా తగ్గుతుంది.

వాలీబాల్ పుట్టింది 1895లో, అమెరికాలోని హోలియోక్ అనే ఊరిలో. విలియం మోర్గన్ అనే వ్యాయామ శిక్షకుడు దాన్ని రూపొందించాడు. ఒలింపిక్స్‌లో మొదటిసారి 1964లో టోక్యోలో ఆడారు. మహిళల స్వర్ణపతకం జపాను గెలుచుకుంది. ఆ జట్టులో చాలామంది ఒక బట్టలమిల్లులో పనిచేసే అమ్మాయిలు. దూరంగా పడే బంతికోసం నేలకు దూకి, దాన్ని లేపి, అలాగే దొర్లి లేచి నిలబడడం వాళ్ల ప్రత్యేకత. దొర్లినప్పుడు శరీరం ఒక్కసారిగా ఆగదు. తాకిడి ఎక్కువ సమయానికీ, ఎక్కువ చోటుకూ పంచబడుతుంది. మోకాళ్లు వంచి దిగడంలో ఉన్న సూత్రమే నేల మీద కూడా పనిచేసింది.

ఆదివారం కాళ్లు ఎందుకు బరువెక్కాయి?

ఆదివారం పొద్దున మూడో ఆట. నిన్న రెండు ఆటలు ఆడారు. ఇవాళ అదే ఎత్తు ఎగరలేకపోతున్నారు. జట్టులో ఒక అమ్మాయి అందరికంటే ముందే అలసిపోయింది. ఎవరో ఆమెను బద్ధకస్తురాలు అన్నారు. తొందరపడి అలా అనవచ్చునా?

ఒక్కో ర్యాలీ సాధారణంగా పది సెకన్లకు మించదు. అంతసేపూ కండరాలు తమలో నిలవ ఉన్న ఎ.టి.పి., క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే పదార్థాల నుంచి శక్తి తీసుకుంటాయి. అప్పుడు ఆక్సిజన్‌తో అంతగా పని లేదు. కాని ర్యాలీకీ ర్యాలీకీ మధ్య ఆ నిలవను తిరిగి నింపాలి. అందుకు ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్‌ను మోసేది రక్తంలోని హీమోగ్లోబిన్. ఒక్కో హీమోగ్లోబిన్ అణువులో నాలుగు ఇనుప పరమాణువులు ఉంటాయి; ఒక్కొక్కటి ఒక ఆక్సిజన్ అణువును మోస్తుంది. ఇనుము చాలకపోతే మోసే కూలీలు తగ్గినట్లే. గుండె ఎంత వేగంగా కొట్టుకున్నా నిలవ పూర్తిగా నిండదు. తరువాతి ర్యాలీ అరకొర శక్తితో మొదలవుతుంది.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే కోర్టులో ఉన్న ఆరుగురిలో ముగ్గురు నలుగురు! ఆ అమ్మాయిది బద్ధకం కాకపోవచ్చు. రక్తపరీక్ష చేయిస్తే తేలుతుంది. ఈ వయసు అమ్మాయిల్లో హీమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తక్కువైతే దాన్ని రక్తహీనత అంటారు. తోటకూర, పప్పులు, రాగులు, మాంసాహారులైతే కాలేయం తినాలి. వాటితోబాటు నిమ్మకాయో ఉసిరికాయో తింటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం కాగానే టీ తాగితే పట్టదు. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను చెత్తబుట్టలో వేయకండి.

రెండో కారణం నీరు. ఎండలో గంట ఆడితే అరలీటరు నుంచి లీటరు దాకా చెమటగా పోవచ్చు. శరీర బరువులో 2 శాతం నీరు తగ్గితే చాలు, ఆటలో చురుకు తగ్గుతుంది. 40 కిలోల అమ్మాయికి అది 800 మిల్లీలీటర్లే. అయినా పోటీలకు వచ్చిన అమ్మాయిలు చాలామంది కావాలనే నీళ్లు తాగరు. కారణం అందరికీ తెలిసినదే, ఎవరూ పైకి చెప్పనిది: మైదానం దగ్గర శుభ్రమైన మరుగుదొడ్డి ఉండదేమోనన్న భయం. ఇది అమ్మాయిల తప్పు కాదు. పోటీ పెట్టేవారు వల, బంతి, కప్పుల లెక్క చూసుకున్నట్లే దీన్నీ చూసుకోవాలి. మీరు అడగడానికి సిగ్గుపడవద్దు. ఉప్పు వేసిన మజ్జిగో, లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపిన పానీయమో దగ్గర పెట్టుకోండి. చెంచాలు చిన్నవి, తలకొట్టినవి కావాలి.

ఒక్క పాయింటు విలువ

మూడో ఆటలో మీరు నీలి జట్టు చేతిలో ఓడిపోతున్నారు. మొదటి సెట్ 21–25. రెండో సెట్ 22–24. ఇంకొక్క పాయింటు ఇస్తే ఆట అయిపోతుంది. ఎలాగూ ఓడిపోయాం, ఇక ఎందుకు పరుగెత్తడం అనిపిస్తోంది. ఆగండి. లెక్క చూద్దాం.

మీ గ్రూపులో మీరు కాక ఎర్ర, నీలి, పసుపు జట్లు ఉన్నాయి. పసుపు జట్టును ముగ్గురూ 50–30 పాయింట్లతో, రెండేసి వరుస సెట్లలో ఓడించారు. మీరు ఎర్ర జట్టును 50–46తో ఓడించారు. ఎర్ర జట్టు నీలి జట్టును 50–40తో ఓడించింది. ఇప్పుడు నీలి జట్టు మిమ్మల్ని ఓడిస్తే ముగ్గురికీ రెండేసి గెలుపులు, ఒక్కో ఓటమి. సెట్లు కూడా సమానమే. అప్పుడు నిబంధనల ప్రకారం చూసేది పాయింట్ల నిష్పత్తి: సాధించిన పాయింట్లను ఇచ్చిన పాయింట్లతో భాగించాలి. ఎర్ర జట్టుది 146/120. అది మొదటి స్థానం. రెండో స్థానం ఎవరిది?

మీరు 22 దగ్గరే ఆగిపోయి 22–25తో ఓడితే, మీ నిష్పత్తి 143/126, అంటే 1.135. నీలి జట్టుది 140/123, అంటే 1.138. మీరు ఇంటికి!

కాని మీరు ఆ ర్యాలీని వదల్లేదు. అలసిన ఆ అమ్మాయే నేలకు దూకి బంతిని లేపింది. 23–24. తరువాతి పాయింటు పోయి 23–25తో ఓడారు. ఇప్పుడు మీది 144/126, అంటే 1.143. నీలి జట్టుది 140/124, అంటే 1.129. సెమీఫైనల్‌కు మీరు వెళ్లారు! ఓడిపోయిన ఆటలో సంపాదించిన ఒక్క పాయింటు మిమ్మల్ని గట్టెక్కించింది. ఆ సంగతి బంతి లేపిన అమ్మాయికి అప్పుడు తెలియదు. లెక్క ఆట అయ్యాకనే తేలుతుంది. ఆడవలసింది లెక్క తెలియకముందే.

ఆదివారం సాయంత్రం కప్పు ఒక్క జట్టుకే దక్కుతుంది. మిగిలిన ఏడు జట్లూ ఏదో ఒకటి నేర్చుకుని వెళతాయి. ఆట ఎవరిని ఎక్కడికి చేరుస్తుందో ముందుగా చెప్పలేం. 1986లో సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యపతకం గెలిచిన భారత వాలీబాల్ జట్టులో పి.వి. రమణ ఉన్నారు. ఆయన భార్య విజయ కూడా జాతీయస్థాయి వాలీబాల్ క్రీడాకారిణే. హైదరాబాదులో పెరిగిన వారి అమ్మాయి రాకెట్ పట్టింది. ఆమె పి.వి. సింధు. 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది.

మీరూ చేసి చూడండి

1. మీ స్నేహితురాలిని 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకోమనండి. మీ బొటనవేలు, చూపుడువేలు సున్నా దగ్గర తెరిచి ఉంచండి. ఆమె చెప్పకుండా వదిలేస్తుంది, మీరు పట్టుకోండి. 15 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే మీకు పట్టిన సమయం 0.175 సెకను, 20 దగ్గరైతే 0.2, 30 దగ్గరైతే దాదాపు 0.25. పదిసార్లు చేసి సరాసరి తీయండి.

2. వేలికొసలకు సుద్దపొడి రాసుకుని గోడ పక్కన నిలబడి, చేయి చాచి ఒక గుర్తు పెట్టండి. తరువాత ఎగిరి మరో గుర్తు పెట్టండి. రెండింటి మధ్య దూరమే మీ ఎగురు. శనివారం ఒకసారి, రెండు రోజులు ఆడాక ఆదివారం సాయంత్రం మరొకసారి కొలవండి. తేడా ఎంత? తగినంత నీరు తాగిన వారాంతంలో ఎంత, తాగని వారాంతంలో ఎంత? నోటు పుస్తకంలో రాసుకోండి. నాలుగు వారాలయ్యాక ఆ అంకెలే మీకు చాలా సంగతులు చెబుతాయి.